నాన్నగారి చేత మిలిటరీ రోజుల గురించి ఎలా చెప్పించాలి?

తణుకు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 77 ఏళ్ళు. 1967లో మిలిటరీలో చేరి, 1984లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశారు. ఈఎంఈలో, అంటే మిలిటరీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్. వచ్చిన మరుసటి ఏడాదే తణుకులో హైవే పక్కన రేకుల షెడ్డు వేసి, లారీల డీజిల్ పంపులు, నాజిళ్ళు బాగుచేసే పని మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళు ఆ షెడ్డే మమ్మల్ని పోషించింది. అన్నయ్య చదువు, నా చదువు, ఇద్దరి పెళ్ళిళ్ళు అన్నీ దాని మీదే.

షెడ్డు సంగతులు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బడి వదలగానే అక్కడికే వెళ్ళి బిల్లులు రాసేదాన్ని. నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి హ్యాండిల్ కొడితే డీజిల్ మంచులా సన్నగా విడాలి. చుక్కలు కారితే అది పాడైనట్టే. నాన్నగారు చూడకుండానే చప్పుడు విని చెప్పేసేవారు. ఒకసారి ఆ తుంపర ముందు వేలు పెట్టబోతే నా చెయ్యి పట్టి వెనక్కి లాగేశారు. ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుందని, వేలు తీసేయాల్సి వస్తుందని కేకలేశారు. ఆయన నా మీద అరవడం అదొక్కసారే చూశాను. సాయంత్రం షెడ్డు మూసే ముందు స్పానర్లన్నీ వాటి వాటి మేకులకి తగిలించి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి లెక్కపెట్టేవారు. ఒక్కటి తగ్గినా, దొరికేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు.

అంతకు ముందు 17 ఏళ్ళ గురించి మాత్రం నాకు దాదాపు ఏమీ తెలియదు. 71 యుద్ధంలో ఉన్నారని తెలుసు. ఎప్పుడడిగినా "బండ్లు బాగుచేశానమ్మా" అంటారు, అక్కడితో సరి. నాయనమ్మ దాచిన ఇన్‌లాండ్ కవర్లు ఉన్నాయి. అన్నింటి మీదా కేరాఫ్ 56 ఏపీవో (మిలిటరీ పోస్టాఫీసు నంబరు) అనే ఉంది, ఊరి పేరు లేదు. లోపల "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" తర్వాత డబ్బు అందిందా, గేదె ఈనిందా అనే కబుర్లే. నల్ల ట్రంకు పెట్టెలో మూడు మెడల్స్, కొన్ని కాగితాలు ఉన్నాయి.

రెండు నెలల క్రితం ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. కోలుకున్నారు కానీ మాట కొంచెం తడబడుతోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మా పిల్లలకి తాతగారి గురించి రాసి ఇవ్వాలని ఉంది. బాధపెట్టకుండా ఎలా అడగాలి?

పాత సుబేదార్:
అమ్మా, నేనూ ఈఎంఈ వాడినే. యుద్ధం గురించి అడగకు. బండి గురించి అడుగు. "శక్తిమాన్ పంపుకీ మన లారీ పంపుకీ తేడా ఏంటి నాన్నగారూ?" అను చాలు. శక్తిమాన్ అంటే అప్పటి మా మిలిటరీ లారీ. మాకు చేతిలో పని ఉంటేనే నోరు పెగులుతుంది. ఇంకోటి, "ఎల్ఏడీలో ఉన్నారా, వర్క్‌షాప్‌లోనా?" అని అడుగు. ఎల్ఏడీ అంటే రెజిమెంట్ వెంటే కదిలే చిన్న రిపేరు దళం. వాళ్ళు ఏ దారిన పోతే వీళ్ళూ ఆ దారినే. ఆ మాట నీ నోట వింటే ఆయన ముఖం చూడు.

మెడల్స్‌లో పశ్చిమీ స్టార్ ఉంటే 1971లో పడమటి సరిహద్దులో ఉన్నట్టు, పూర్వీ స్టార్ అయితే తూర్పున. గుండ్రటి సంగ్రామ్ మెడల్ అంచు తిప్పి చూడు, ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ నంబరు జాగ్రత్తగా రాసిపెట్టుకో, రికార్డ్ ఆఫీసుతో ఏ పని పడినా ముందు అదే అడుగుతారు.

మాధవరం కోడలు:
మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. కథ రాయండి, తప్పకుండా రాయండి. కానీ ముందు కాగితాలు చూడండి. మా మామగారు పోయాక అత్తగారి పేరు సర్వీసు రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ఫ్యామిలీ పెన్షన్ రావడానికి చాలా తిరిగాం. ఆ వయసులో ఆవిడని బస్సులెక్కించి తిప్పాం, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీ నాన్నగారు సంతకం పెట్టగలిగినప్పుడే డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం) తీసి అమ్మగారి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు దారి చెబుతారు. స్ట్రోక్ అన్నారు కాబట్టి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు లేకపోతే అదీ చేయించండి. 1996 జనవరి 1కి ముందు రిటైరైన వాళ్ళకి దానికి చందా కట్టక్కర్లేదు.

తణుకు అమ్మాయి:
ఇద్దరికీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఆదివారం అటక మీద నుంచి పాత టెస్టర్ దింపించి వరండాలో పెట్టాను. నాన్నగారు అరగంట దాన్ని తుడుస్తూ కూర్చున్నారు. అప్పుడు అడిగాను, ఎల్ఏడీయా వర్క్‌షాపా అని. చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎవరు చెప్పారే నీకు?" అన్నారు.

ముందు లద్దాఖ్ చెప్పారు. చలికి డీజిల్ మైనంలా గడ్డకడితే తెల్లవారుజామున బండి డీజిల్ ట్యాంకు కింద బ్లో ల్యాంపు పెట్టి కరిగించేవారట. పంపు పని అక్కడే చేతికి పట్టుబడిందట. తర్వాత తనే 71కి వచ్చారు. పఠాన్‌కోట్ నుంచి పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు వెళ్ళారు. రాత్రి దీపం వెలిగించకూడదు. బండి కింద పడుకుని వేళ్ళతోనే బోల్టు సైజు చూసుకోవాలి, చెయ్యి చాపితే స్పానర్ దాని చోట ఉండాలి. నాకు షెడ్డులో ఆయన స్పానర్లు తడమడం గుర్తొచ్చి ఏమీ అనలేకపోయాను. పనిముట్లు అందించే పంజాబీ కుర్రాడొకడు ఉండేవాడని మొదలుపెట్టి ఆగిపోయారు. నేనూ అడగలేదు. అమ్మ గడప దగ్గర నిలబడి విన్నది. యాభై ఏళ్ళ కాపురంలో ఆ కుర్రాడి మాట తనూ వినలేదట.

మాధవరం అక్కా, మీరన్నదే అయింది. పీపీవోలో అమ్మ పుట్టిన సంవత్సరం తేడాగా ఉంది. సోమవారం నాన్నగారిని తీసుకుని ఆఫీసుకి వెళుతున్నాం.

సుబేదార్ గారూ, మీ గురించి నాన్నగారు మూడుసార్లు అడిగారు. మీరు సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ ఏ సంవత్సరం చేశారు?