పెద్దపిల్లలకు పాఠం చెబుతుంటే చిన్నవాడు కుదురుగా ఉండడం లేదు

ప్రశ్న:
పదేళ్ల అమ్మాయికి, ఎనిమిదేళ్ల అబ్బాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నాను. నేను భిన్నాలు వివరించడం మొదలుపెట్టగానే మూడున్నరేళ్ల చిన్నవాడు బల్ల ఎక్కి, అక్క పెన్సిలు లాక్కుని, నోటుపుస్తకం నిండా గీతలు గీసేస్తాడు. బొమ్మలు ముందు పోస్తే అయిదు నిమిషాలే ఆడతాడు. టీవీ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు 1:
పెద్దవాళ్లను కూర్చోబెట్టడానికి ముందే చిన్నవాడిని పావుగంట ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చదవండి. వాడి వాటా వాడికి ముందే అందితే మీ కొంగు పట్టుకుని తిరగడం చాలావరకు తగ్గుతుంది. బొమ్మలను నాలుగు డబ్బాలుగా విడదీసి, పాఠాల వేళ మాత్రమే రోజుకొకటి దించండి. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచింది కొన్న బొమ్మ కాదు, రెండు గిన్నెలు, ఒక గరిటె, కాసిన్ని నీళ్లు, కింద పరచిన పాత తువ్వాలు. అయితే నీళ్లున్నంతసేపూ వాడు మీ చేతికందే దూరంలోనే ఉండాలి.

జవాబు 2:
ఆ వయసుకు కుదురు ఆశించడమే పొరపాటని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక కదలిక అవసరం. అందుకే పాఠాలకు ముందు ముగ్గురినీ బయట పరుగెత్తించండి. తరువాత ఒకరికి లెక్కలు చెబుతుండగా రెండోవారు తమ్ముడికి బొమ్మల పుస్తకం చదివి వినిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజు పిండిముద్ద ఇచ్చి సగానికి కోయమన్నాను. కోశాడు, ఏ సగం పెద్దదో అక్కతో వాదించాడు కూడా. భిన్నాల పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాను.