పాత డాస్ ప్రోగ్రామే నమ్మకంగా ఉండేదా, లేక నాకే అలా అనిపిస్తోందా?

మిర్చికొట్టు_గుంటూరు:
మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. 1997లో నాన్నగారు ఒకాయన చేత ఫాక్స్‌ప్రోలో, అంటే విండోస్‌కి ముందు నాటి డాస్ మీద నడిచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, ప్రోగ్రామ్ రాయించుకున్నారు. నల్ల తెర, మౌస్‌తో పనే లేదు. రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు కొడితే కమీషన్, హమాలీ, కాటా ఖర్చులు పోను రైతుకి రావాల్సింది ఎంతో లెక్క తేలి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) వచ్చేసేది. 22 ఏళ్లు నడిచింది. 2019లో మదర్‌బోర్డు పోయింది, కొత్త కంప్యూటర్లో ఆ ప్రోగ్రామ్ తెరుచుకోలేదు, ఇక ఏడాదికోసారి చందా కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయాం.

ఈ ఫిబ్రవరిలో సీజన్ మాంచి ఊపు మీద ఉన్న రోజు, మధ్యాహ్నం 12 నుంచి మూడున్నర దాకా లాగిన్ అవలేదు. కరెంటు ఉంది, నెట్ ఉంది, కంప్యూటర్ కొత్తది, అయినా ఒక్క పట్టీ తీయలేకపోయాం. హెల్ప్‌లైన్‌కి చేస్తే సర్వర్ సమస్య, చూస్తున్నాం అనే ఒక్క మాటే. పదకొండు మంది రైతులు కొట్టు ముందు కూర్చున్నారు, అందులో ఒక పెద్దాయన ఆఖరి బస్సు పోతే ఊరికి వెళ్లలేనని అడుగుతుంటే నాకు ఏం చెప్పాలో తెలియలేదు. చివరికి నాన్న తెల్లకాగితాల మీద చేత్తో పట్టీలు రాసి డబ్బులిచ్చి పంపారు.

పాతదానికి లేని ఈ జబ్బు కొత్తదానికెందుకు? అప్పటి కంప్యూటర్లు నిజంగానే అంత గట్టివా? మళ్లీ ఆ ప్రోగ్రామ్‌కే వెళ్లిపోదామా అనిపిస్తోంది. ఫైళ్లన్నీ ఒక సీడీలో ఉన్నాయి.

ఫాక్స్‌ప్రో_బాబాయ్:
1994 నుంచి విజయవాడ, తెనాలి, ఏలూరు కొట్లకి ఇలాంటి ప్రోగ్రాములు రాసిచ్చినవాణ్ని, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను తమ్ముడూ. కరెంటు పోయిన రోజు ఏమయ్యేదో ఒకసారి నాన్నగారిని అడుగు. ఫైలు తెరిచి ఉండగా కరెంటు పోతే ఇండెక్స్, అంటే ఏ ఖాతా ఎక్కడుందో చూపే జాబితా, చెడిపోయేది. మర్నాడు రైతు పేరు కొడితే ఖాతా ఉన్నా లేదని చెప్పేది, మళ్లీ రీఇండెక్స్ చేసుకుని అంతా సరిచూసుకోవాలి. బ్యాకప్ అంటే ఫ్లాపీలు, మధ్యలో ఒకటి చదవలేదంటే ఆ రోజుకి అంతే. మార్చి నెలాఖరున హార్డ్ డిస్కు పోయి, ఏడాది లెక్కంతా పుస్తకాలు చూసి మళ్లీ ఎక్కించిన కొట్లు నేను చూశాను, ఆ షావుకారు మొహం నాకు ఇప్పటికీ గుర్తే. విడిభాగాల మాటకొస్తే ఇప్పటివే మేలు, అందులో అనుమానం లేదు. హార్డ్ డిస్కు బదులు ఇప్పుడొచ్చే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే ఉండదు, కరెంటు పోయినా విండోస్ తన ఫైళ్లను చాలావరకు తనే సరిచేసుకుంటుంది.

తేడా ఎక్కడంటే, అప్పుడు ఏది చెడినా ఆ గదిలోనే చెడేది. కబురొస్తే నేను బస్సెక్కి వచ్చి బాగుచేసేవాణ్ని. దానికి కావలసింది కరెంటు, ఒక డిస్కు, ఒక ప్రింటర్. ఇప్పుడు నీ పట్టీ బయటికి రావాలంటే నెట్, వాళ్ల లాగిన్, ఓటీపీ, వాళ్ల డేటాబేస్, ఇలా ఓ పది ఒకేసారి పనిచేయాలి. ఒక్కోటి 99.9 శాతం సమయం పనిచేసినా పదీ కలిస్తే 99 శాతమే, అంటే ఏడాదిలో మూడు రోజులకు పైనే పోతుంది. అది సీజన్‌లో రాకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

పాత ప్రోగ్రామ్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. కొత్త కంప్యూటర్లో పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే డాస్‌బాక్స్‌లో తెరిచి పాత ఖాతాలు చూసుకో, ఫర్వాలేదు. రోజువారీ వ్యాపారం మాత్రం దాని మీద పెట్టొద్దు, రేపు ఏదైనా అయితే సరిచేసేవాళ్లు దొరకరు.

బయోమెడ్_వరంగల్:
నేను ఆస్పత్రి పరికరాల పనిలో ఉన్నాను. మా రంగంలో తప్పకుండా చెప్పుకునే కేసు థెరాక్-25. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం, 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు తగిలింది, కొందరు చనిపోయారు. దాని ముందు మోడల్ థెరాక్-20 సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి తప్పే ఉందని తర్వాత తేలింది, కానీ అందులో విడిగా హార్డ్‌వేర్ రక్షణ ఉండేది కాబట్టి ఫ్యూజ్ పోయేదే తప్ప మనిషికి ఏమీ అయ్యేది కాదు. కొత్త మోడల్‌కి సాఫ్ట్‌వేర్ చాలనుకుని ఆ రక్షణ తీసేశారు. అందుకే ఎవరైనా కొత్త సిస్టమ్ పెట్టామంటే, దాంతోపాటు ఏం తీసేశారని నేను ముందు అడుగుతాను. మీ కొట్లో 2019లో ఏం మానేశారో చూడండి. చేతిచిట్టా రాయడం మానేసి ఉంటారు, నాకు తెలిసి.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
పెద్దవాళ్లకీ తప్పలేదు బ్రో. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒక్కటి తేడా కొట్టి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే ఆగిపోయినవాటిలో చాలావాటిని మనిషి దగ్గరికెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేస్తేనే లేచాయి. ఆ రోజు శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. విమానాలు కదిలింది పెన్నూ కాగితంతోనే. మీ నాన్నగారు చేసిందీ అదే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మిర్చికొట్టు_గుంటూరు:
అందరికీ థ్యాంక్స్. నాన్నని అడిగాను. బాబాయ్ గారు చెప్పిందంతా నిజమేనట, సీజన్‌లో రెండు పూటలా ఫ్లాపీలోకి ఎక్కించేవారట, ప్రోగ్రామ్ ఉన్నా చిట్టా ఒక్కరోజూ ఆపలేదట. వరంగల్ అన్న అన్నది కూడా సరిగ్గా తగిలింది, ఆ చిట్టా వద్దని 2019లో మాన్పించింది నేనే. నిన్న కార్బన్ పట్టీ పుస్తకాలు నాలుగు ప్రింటుకిచ్చాను, రోజూ సాయంత్రం రైతుల ఖాతాలు మా కంప్యూటర్లోకి దించుకోవడం మొదలుపెట్టాను. ఇంకొక్కటి అడగాలి. డేటా కొట్లోని కంప్యూటర్లోనే ఉండి, నెట్ ఉన్నప్పుడు మాత్రం పైకి కాపీ పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుతున్నారా? తెలుగులో పట్టీ వస్తే ఇంకా మంచిది, మా రైతులు చదువుకుని సంతకం పెడతారు.