వాగెనింగెన్‌లో గ్రీన్‌హౌస్ టమాటా థీసిస్: మనవాళ్లు ఎక్కడ తడబడతారు?

నారుమడి:
బీఎస్సీ అగ్రి ఫైనలియర్, రావె (పల్లెల్లో రైతులతో పనిచేసే సెమిస్టర్) నడుస్తోంది. నెదర్లాండ్స్ వాగెనింగెన్ యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్ ఎమ్మెస్సీ చేసి, గ్రీన్‌హౌస్ టమాటా మీద థీసిస్ తీసుకోవాలని ఉంది. వీసా సంగతులు వద్దు, చదువులో దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పండి.

గాజుపాక:
ముందు టైమ్ దగ్గరే. సెమిస్టర్లు ఉండవు, ఏడాదికి ఆరు పీరియడ్లు. పెద్దవి 8 వారాలు, మధ్యలో రెండు 4 వారాలవి. పెద్ద పీరియడ్‌లో ఆరు వారాలు క్లాసులు, ఏడో వారం చదువుకోడానికి, ఎనిమిదో వారం పరీక్షలు. ఒక క్రెడిట్ అంటే 28 గంటల పని. 6 క్రెడిట్ల కోర్సు 168 గంటలు, అలాంటివి రెండు ఒకేసారి. మిడ్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఫైనల్ నెత్తిమీదుంటుంది. పదికి 5.5 వస్తే పాస్. 8 చాలా మంచి మార్కు, మన ఓజీపీఏతో (మొత్తం గ్రేడ్ సగటుతో) పోల్చుకుని దిగులుపడకు.

డ్రిప్పులైను:
తమ్ముడూ, అసలు తేడా నీళ్ల లెక్కలో ఉంది. అక్కడ మట్టి లేదు, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) స్లాబుల మీదే మొక్కలు. ఎండని బట్టి నీళ్లు: చదరపు సెంటీమీటరుకి ఒక జౌల్ ఎండ శక్తి పడితే చదరపు మీటరుకి సుమారు 3 మి.లీ. ఎండాకాలం రోజున 2000 జౌళ్లు పడితే 6 లీటర్లు. చదరపు మీటరుకి సగటున రెండున్నర డ్రిప్పర్లుంటే ఒక్కోదానికి 2.4 లీటర్లు, అంటే 100 మి.లీ. చొప్పున 24 తడులు. మన రైతు వారానికి లెక్కేసే తడి అక్కడ రోజుకి 24 సార్లు!

ఇచ్చినదాంట్లో దాదాపు 30 శాతం డ్రెయిన్‌గా, అంటే స్లాబు నుంచి కారే నీళ్లుగా బయటికి రావాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. కొలత డబ్బాలో ఒక్క డ్రిప్పరే ఉంటుంది, స్లాబు మీద మూడుంటాయి. డబ్బాలో 2.4 లీటర్లంటే స్లాబుకి ఇచ్చింది 7.2. డ్రెయిన్ 2.1 వస్తే 29 శాతం. మూడుతో గుణించడం మరిస్తే 87.5 శాతం అని రాసేసి, నీళ్లు ఎక్కువయ్యాయని తడులు తగ్గిస్తారు. స్లాబులో ఉప్పు పేరుకుని ఈసీ (నీళ్లలో లవణాల కొలత) పెరుగుతుంది, కాయ అడుగు నల్లబడుతుంది. అప్పుడు కాల్షియం పెంచినా లాభం లేదు, నీళ్లు లాగలేని వేరు కాల్షియాన్నీ కాయదాకా పంపలేదు.

నారుమడి:
ఎరువుల ట్యాంకులు రెండెందుకు అన్నా?

డ్రిప్పులైను:
వంద రెట్లు చిక్కగా కలుపుతారు కాబట్టి. కాల్షియం నైట్రేట్ ‘ఏ’ ట్యాంకులో, సల్ఫేట్లూ ఫాస్ఫేట్లూ ‘బీ’ ట్యాంకులో. ఒకేదాంట్లో పోస్తే జిప్సం అడుగున దిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఐరన్ కీలేట్ (మొక్క తీసుకోగల రూపంలో ఉండే ఇనుము) మామూలుగా ‘ఏ’లోకి. డ్రిప్పు నీళ్ల పీహెచ్ 5.5 దగ్గర ఉంచాలి. పీహెచ్ మీటరుని 7, 4 బఫర్లతో, ఈసీ మీటరుని 1.413 ఈసీ ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోకుండా రీడింగ్ తీయకు.

మెయిన్‌ప్లాట్:
స్టాటిస్టిక్స్ గురించి ఎవరూ అనలేదు. ఆర్‌బీడీ (బ్లాకులుగా విడదీసే ప్రయోగ డిజైన్) వేసి, అంకెల్ని ఓపీస్టాట్ అనే ఆన్‌లైన్ లెక్కల టూల్‌లో అతికించే అలవాటు అక్కడ పనికిరాదు, ‘ఆర్’ ప్రోగ్రామింగ్ రావాలి. అంతకన్నా పెద్ద తప్పు రెప్లికేషన్‌ది, అంటే ఒకే ట్రీట్‌మెంట్‌ని విడివిడిగా ఎన్నిసార్లు వేశామన్నదానిది. ఒక గదిలో 20 డిగ్రీలు, ఇంకో గదిలో 24 పెట్టి, ఒక్కో గదిలో 20 మొక్కలు కొలిస్తే అవి 20 రెప్లికేషన్లు కావు. ఉష్ణోగ్రత ఇచ్చింది గదికి, అంటే ఒక్కో ట్రీట్‌మెంట్‌కి ఒక్క రెప్లికేషనే. గదులు సరిపోకపోతే అదే ప్రయోగాన్ని వేరే సమయంలో, ట్రీట్‌మెంట్లని గదుల మధ్య మార్చి మళ్లీ వేయాలి. గది మెయిన్ ప్లాట్, లోపల టమాటా రకాలు సబ్ ప్లాట్, మనకి తెలిసిన స్ప్లిట్ ప్లాటే. అంచు వరసల మొక్కలు కొలవొద్దు. ఇదంతా విత్తనం పడకముందే సూపర్‌వైజర్‌తో తేల్చుకో. 36 క్రెడిట్ల థీసిస్ ఆరు నెలలే, పంట తప్పితే రెండోసారి వేసే వ్యవధి ఉండదు.

నారుమడి:
చదువుతూ గ్రీన్‌హౌస్‌లో పనికి వెళ్లొచ్చా?

గాజుపాక:
మన పాస్‌పోర్టు మీద వారానికి 16 గంటలు, లేదంటే జూన్, జులై, ఆగస్టులో ఫుల్‌టైమ్. రెండిట్లో ఒకటే. పర్మిట్ యజమానే తీయాలి, లేకుండా ఒక్కరోజు కూడా వెళ్లకు. జీతం మొదలైందంటే డచ్ ఆరోగ్య బీమా తప్పనిసరి, విద్యార్థి బీమా చెల్లదు. ఆ ప్రీమియం పోగా మిగిలేదెంతో ముందే లెక్కేసుకో.