ఒడ్డు నుంచి గాలం వేయడానికి మంచి చోటును గుర్తించడం ఎలా?

ప్రశ్న:

నాకు అందుబాటులో ఉన్న తీరం పొడవు సుమారు ఆరు కిలోమీటర్లు. ఒక చివర రాళ్ల గుట్ట, మరో చివర చిన్న ఏరు సముద్రంలో కలిసే మొగ ఉన్నాయి. మధ్యలో ఉన్న ఇసుక తీరమంతా నా కంటికి ఒకేలా కనిపిస్తుంది. మూడు నెలలుగా సెలవు రోజుల్లో వెళ్లి, చేతనైనంత దూరం గాలం విసురుతున్నాను. చాలాసార్లు వేసిన ఎర వేసినట్లే తిరిగి వస్తోంది. చోటు మార్చాలని ఉంది కానీ, ఎక్కడికి మారాలో తెలియడం లేదు. ఒడ్డున నిలబడి మంచి చోటును పోల్చుకునే పద్ధతి ఉంటే దయచేసి వివరించండి.

సమాధానం:

ఒకేలా కనిపిస్తోందని మీరు అంటున్న ఆ మధ్య భాగంలోనే మంచి చోట్లు దాగి ఉండవచ్చు. నీరు కప్పి ఉన్నప్పుడు అవి కనిపించవు కాబట్టి, ఒక రోజు గాలం ఇంట్లోనే ఉంచి, సముద్రం బాగా వెనక్కి తీసే వేళకు వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి గడిచిన ఒకటి రెండు రోజులకు పోటు ఎక్కువగా ఎక్కడమే కాక ఆటు కూడా ఎక్కువగా తీస్తుంది. ఆటుపోట్ల పట్టికలో ఆ సమయం చూసుకుని, గంట ముందే చేరుకుని తీరం వెంట నడవండి.

అప్పుడు ఒడ్డుకు సమాంతరంగా సాగే పల్లం, దాని అవతల ఇసుక తిన్నె, ఆ తిన్నె అక్కడక్కడ తెగి ఏర్పడిన గండ్లు బయటపడతాయి. పోటు ఎక్కుతున్నప్పుడు చేపలు ఆ గండ్ల గుండా లోపలికి వచ్చి, పల్లం వెంట మేత వెతుక్కుంటూ తిరిగి, నీరు తీసేటప్పుడు అదే దారిన వెళ్లిపోతాయి. అందువల్ల గండికి అటూ ఇటూ ఉన్న అంచులే నా దృష్టిలో అన్నిటికంటే విలువైన చోట్లు. పోటు వచ్చాక వాటిని తిరిగి గుర్తుపట్టడానికి, ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే రెండు కదలని గుర్తులు, అంటే ఒక స్తంభాన్నీ దాని వెనుక చెట్టునో గోడనో చూసుకోండి. పెద్ద గాలివాన తర్వాత ఇసుక జరిగిపోతుంది కనుక మళ్లీ ఒకసారి చూడక తప్పదు.

నీరు నిండి ఉన్నప్పుడు అలలను చదవాలి. లోతు తగ్గిన చోట అల విరిగి తెల్లగా నురుగుతుంది, పల్లం మీదికి రాగానే అణిగి, ఒడ్డు దగ్గర మళ్లీ విరుగుతుంది. రెండు నురుగు పట్టీల మధ్య ముదురు రంగులో కనిపించే నీరే పల్లం. అలలు విరగకుండా, నురుగూ ఇసుకా సముద్రం వైపు కొట్టుకుపోతూ కనిపించే చోటు గండి.

మీరు అతి దూరం విసరడం కూడా ఇబ్బందికి కారణం కావచ్చు. పల్లం చాలాసార్లు ఒడ్డుకు ఇరవై ముప్పై మీటర్ల లోపలే ఉంటుంది. మీ ఎర దాన్ని దాటి తిన్నె మీద పడుతూ ఉండవచ్చు. సీసపు గుండును నెమ్మదిగా లాగి చూడండి. తిన్నె మీద నుంచి పల్లంలోకి జారగానే దారం ఒక్కసారి సడలుతుంది, ఒడ్డు వైపు వాలు ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది. ఎర నిలపవలసింది ఆ రెండింటి మధ్యనే.

అనుబంధ ప్రశ్న:

రోజులో ఏ వేళ అనుకూలం?

సమాధానం:

రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో నీరు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, అందులో మూడో, నాలుగో గంటల్లోనే దాదాపు సగం నీరు ఎక్కుతుంది. నేను ఆ రెండు గంటలను ఎప్పుడూ వదులుకోను. అవి తెల్లవారుజామునో సందె వేళనో కలిసి వస్తే మరీ మంచిది. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకోండి.

మరొక సభ్యుని సమాధానం:

మొగ దగ్గర మాత్రం ఆటు మొదలయ్యాక ప్రయత్నించండి. ఏటి నుంచి చిన్న చేపలూ రొయ్యలూ కొట్టుకువస్తాయి కాబట్టి, మడ్డి నీరూ తేట నీరూ కలిసే గీత పక్కన పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి.

రాళ్ల గుట్ట మీదికి వెళ్లే ముందు కనీసం ఇరవై నిమిషాలు దూరంగా నిలబడి సముద్రాన్ని గమనించండి. పొడి రోజున కూడా తడిసి నల్లగా ఉన్న రాయి ఉందంటే, అల అక్కడి దాకా వస్తున్నట్లే. సముద్రానికి వీపు పెట్టవద్దు, ఒంటరిగా వెళ్లవద్దు, ప్రాణరక్షక కోటు వేసుకోండి. పైన చెప్పిన గండి చేపలకు దారి అయినట్లే మనిషిని సముద్రంలోకి లాగే ప్రవాహానికి కూడా దారి. నడుము లోతు నీళ్లలోకి దిగి గాలం వేయాలన్న ఆలోచన అక్కడ అసలు వద్దు. పొరపాటున చిక్కుకుంటే ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది ప్రవాహం నుంచి బయటపడాలి.

ప్రశ్న అడిగినవారు:

పౌర్ణమి మర్నాడు గాలం లేకుండా వెళ్లి చూశాను. నేను ఎప్పుడూ నిలబడే చోట పల్లమే లేదు. అక్కడ తిన్నె ఒడ్డుకు అతుక్కుని ఉంది. అక్కడి నుంచి సుమారు నాలుగు వందల అడుగులు వేసేసరికి మోకాలి లోతు నీరు నిలిచిన పల్లం, దాని చివర గండి కనిపించాయి. గుర్తులు రాసుకున్నాను. వచ్చే సెలవు రోజున పోటు ఎక్కే మూడో గంటకు అక్కడ ఉంటాను.