ఇన్‌ఫ్లెక్ట్: వంచడానికీ విభక్తికీ పొత్తు ఎక్కడ?

ప్రశ్న (తిరుపతి, బి.ఏ. ఇంగ్లిష్):
నిఘంటువులో ఇన్‌ఫ్లెక్ట్ క్రియకు మూడు అర్థాలున్నాయి: లోపలికి వంచడం, గొంతులో హెచ్చుతగ్గులు పలికించడం, పదం రూపం మార్చడం. ఈ మూడూ ఒక మాటలోకి ఎలా చేరాయి? ఇన్‌ఫ్లిక్ట్, రిఫ్రాక్ట్ కూడా దీని చుట్టాలేనా?

జవాబు 1:
మూలం లాటిన్ ‘ఫ్లెక్టెరే’, అంటే వంచడం. ముందు ‘ఇన్’ చేరితే లోపలికి వంచడం. ఇంగ్లిష్‌లోకి 15వ శతాబ్దంలో ఆ అర్థంతోనే వచ్చింది. వ్యాకరణార్థం 17వ శతాబ్దంలో కుదురుకుంది.

ఇదేమీ దూరపు ఊహ కాదండీ, మన భాషలోనే చూడొచ్చు. ‘ఇల్లులో’ అనం, ‘ఇంట్లో’ అంటాం. చేయి ‘చేతి’ అయితేనే ‘చేతికి’ వస్తుంది. కాలు ‘కాలి’ అవుతుంది. మాట కాస్త వంగితే గానీ విభక్తి అతకదు. ఈ ఇ, టి, తి లనే మన వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. గొంతు సంగతీ అంతే: ‘వచ్చినాడు’ అనే మాటనే చివర స్వరం పైకి లేపి పలకండి, ప్రశ్న అయిపోతుంది. అక్షరం మారలేదు, స్వరం వంగింది.

జవాబు 2:
ఇన్‌ఫ్లిక్ట్ చుట్టం కాదు. అది ‘ఫ్లీగెరే’, కొట్టడం. కాన్‌ఫ్లిక్ట్, అఫ్లిక్ట్ దాని తోబుట్టువులు. గాయం చేశాడనడానికి ఇన్‌ఫ్లెక్ట్ రాస్తే వాక్యం చెడుతుంది.

రిఫ్రాక్ట్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు, తప్పు వాళ్లది కాదు. మనం దాన్ని ‘వక్రీభవనం’ అంటాం కాబట్టి వంపు మూలమే అనిపిస్తుంది. కానీ లాటిన్‌లో అది ‘ఫ్రాంగెరే’, విరగ్గొట్టడం. ఎముక ఫ్రాక్చర్ కూడా అక్కడిదే. గ్లాసు నీళ్లలో పెన్సిల్ పెట్టి పక్కనుంచి చూడండి, నీటిమట్టం దగ్గర విరిగినట్టే కనిపిస్తుంది. ‘ఫ్లెక్టెరే’ ఉన్నది రిఫ్లెక్ట్‌లో: వెనక్కి వంచడం. దాన్ని మనవాళ్లు ‘పరావర్తనం’ అన్నారు, వెనక్కి మళ్లడం. డిఫ్లెక్ట్ అంటే దారి తప్పించి పక్కకు మళ్లించడం. మన వీధుల్లో కట్టే ఫ్లెక్సీ కూడా ఈ ఇంటిదే.

ప్రశ్న అడిగినవారు:
మరి జెన్యుఫ్లెక్ట్? అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర భక్తులు చేసేది అదేనా?

జవాబు 1:
కాదండీ. ‘జెను’ అంటే మోకాలు, ‘ఫ్లెక్టెరే’ వంచడం. ఆ వరకు సరే. కానీ ఆ క్రియ చెప్పేది మోకాలు వంచి నమస్కరించడం, ముఖ్యంగా క్యాథలిక్ చర్చిలో ఒక మోకాలు నేలకు ఆనించడం. మోకాళ్ళ మీద మెట్లెక్కడానికి ‘ఆన్ దెయిర్ నీస్’ అని రాయండి.

స్పెల్లింగ్ కూడా చూసుకోండి. లాటిన్ నామవాచకంలో ఎక్స్ ఉండేది, అందుకే పాత బ్రిటిష్ పుస్తకాల్లో ఇన్‌ఫ్లెక్షన్‌కు సి-టి బదులు ఎక్స్ కనిపిస్తుంది. ఇప్పుడు సి-టి వాడుకే ఎక్కువ. వైద్యంలో కీలు వంపును చెప్పే ఫ్లెక్షన్‌కు మాత్రం ఇప్పటికీ ఎక్సే.