మన్నీలా, మన్నీళ్ళా?

గుడివాడ నుంచి:
మా నాన్నగారి స్నేహితులొకరు పద్యనాటకాల్లో నక్షత్రకుడు, సుబ్బిశెట్టి వేషాలు కట్టేవారు. 1990లలో ట్రూపుతో అమెరికా వెళ్ళి తెలుగువాళ్ళ సభల్లో ఆడొచ్చారు. వచ్చాక మళ్ళీ ముఖానికి రంగు వేసుకోలేదు. స్నేహితులకు ఉత్తరాలు రాస్తూ కాలం గడిపారు. నాన్నగారికి రాసిన ఇన్‌లాండ్ లెటర్, నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించే ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పద్యంతో మొదలవుతుంది. రెండో పాదం చివర ‘మన్నీలున్ సుఖోపేతులే’ కదా? ఇందులో ‘మన్నీళ్ళున్’ అన్నట్టు కనిపిస్తోంది. మడత సరిగ్గా ‘నీ’ తర్వాతి అక్షరం మీదే పడి సిరా చెదిరింది. కింద వత్తు ఛాయ ఏదో ఉంది. కావాలని రాశారా, చెయ్యి జారిందా?

తెనాలి మాస్టారు:
మన్నీడు, మన్నీలు. అంటే మన్నెదొరలు. కర్ణుడి తర్వాత వాళ్ళ క్షేమం అడగడం రాచమర్యాద. నాటకాల్లో పండినవాడికి ఆ పద్యం నిద్రలో లేపినా వస్తుంది, చెయ్యి ఎందుకు జారుతుంది? అది లకారమే. మీకు కనిపించింది మడత నీడ.

హన్మకొండ నుంచి:
మాస్టారూ, అంత బాగా వచ్చినవాడే అక్షరం మార్చగలడు. ‘మన నీళ్ళు’ నోట్లో మన్నీళ్ళే అవుతాయి. పరాయి దేశం వెళ్ళొచ్చినాయన మన నీళ్ళు క్షేమమేనా అని అడుగుతున్నారు. యతిస్థానంలో ‘నీ’ అలాగే ఉంది, గణాలూ చెడలేదు. శార్దూలం ఎక్కడా తూలలేదు చూడండి.

రాజమండ్రి నుంచి:
గణాలు సరే, ‘సుఖోపేతులే’ మనుషుల్ని అడిగే మాట. నీళ్ళకైతే ‘సుఖోపేతములే’ అనాలి, అప్పుడు గణం చెడుతుంది.

హన్మకొండ నుంచి:
మీ ఊళ్ళో గోదారిని తల్లి అనరాండీ? తల్లిని మనిషిని అడిగినట్టు అడగకూడదా?

డాలస్ నుంచి:
నాకు ‘మున్నీళ్ళు’ అనిపిస్తోంది. మున్నీరంటే సముద్రం. సముద్రాలు దాటొచ్చిన మనిషి కదా! కొమ్ము ఉందేమో చూడండి.

గుడివాడ నుంచి:
లేదండీ. ‘మ’ శుభ్రంగా ఉంది.

డాలస్ నుంచి:
రాసే వేగంలో కొమ్ము పడకపోవచ్చు. నేను మున్నీటినే పట్టుకుంటాను.

తెనాలి మాస్టారు:
తిరుపతి వేంకట కవుల పద్యం అది! ‘దోసమటం చెఱింగియును దుందుడు కొప్పగఁ బెంచినార మీ మీసము రెండు బాసలకు మేమె కవీంద్రుల మంచు దెల్పఁగా’ అన్న జంట. తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళవారు తన రచనలు జంట పేరుతోనే వేశారు. స్నేహమంటే అదీ. ఆ పద్యం మీద అంత గౌరవమున్న నటుడు వాళ్ళ అక్షరం ముట్టుకోడు.

రాజమండ్రి నుంచి:
మాకు షణ్ముఖి ఆంజనేయరాజుగారి రాగం ప్రాణం. కానీ అక్షరం తేలాలంటే పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి వినాలి. రాగం తగ్గించి మాట వినిపించేవారు. ఆయన నోట ‘మన్నీలున్’ ఒక్కసారి వింటే ఈ సందేహం రాదు.

హన్మకొండ నుంచి:
స్టేజి మీద ఎలా పాడారన్నది కాదండీ, ఉత్తరంలో ఎలా రాశారన్నది ప్రశ్న. లోపల ఇంకెక్కడైనా నీళ్ళ ఊసు ఉందా?

గుడివాడ నుంచి:
ఒక చోట ఉంది. అక్కడి కుళాయి నీళ్ళకు ముఖం మీద రంగు ఎంతకీ వదల్లేదట. దాని కిందే నక్షత్రకుడి సంగతి రాశారు. హరిశ్చంద్రుణ్ణి అప్పు తీర్చమని నక్షత్రకుడు వెంటపడుతుంటే పెద్దలు నవ్వారట, అక్కడే పుట్టిన పిల్లలు మాత్రం కోప్పడ్డారట. ‘వేషం కట్టినన్నాళ్ళలో నన్ను నిజంగా నమ్మింది వాళ్ళే’ అని రాశారు.

హన్మకొండ నుంచి:
చూశారా, నీళ్ళే!

తెనాలి మాస్టారు:
రంగు వదిలించేది కొబ్బరినూనెతోనమ్మా, నీళ్ళతో కాదు. ఆ వాక్యం సాక్ష్యానికి రాదు. పిల్లల మాట మాత్రం బాగుంది.

రాజమండ్రి నుంచి:
మిగతా స్నేహితులకు రాసినవి దొరుకుతాయా? వాటిలోనూ ఇదే పాదం ఉంటే తేలిపోతుంది.

గుడివాడ నుంచి:
వాళ్ళ హార్మోనిస్టుగారి అబ్బాయిని అడిగాను. వాళ్ళింట్లో ఉన్నది ‘ఎక్కడనుండి రాక’తో మొదలవుతుందట.

డాలస్ నుంచి:
అయితే హార్మోనిస్టుగారు అర్జునుడు, మీ నాన్నగారు దుర్యోధనుడూనా? ఇదేం పంపకం?

తెనాలి మాస్టారు:
తక్కువేం కాదు. అర్జునుణ్ణి పేరు పెట్టే పిలిచాడు కృష్ణుడు. బావా అన్న పిలుపు దుర్యోధనుడికే దక్కింది.