ట్రంపెట్‌ను క్రయో చేయిస్తే సౌండ్ నిజంగా మారుతుందా?

మిర్యాలగూడ బ్యాండ్:
అన్నలూ, ఒక డౌట్. నాది సెకండ్ హ్యాండ్ ట్రంపెట్. బరాత్‌లో పై స్వరాలకు పోతే ఊదిందంతా ఎక్కడికో పోతున్నట్టుంది, సౌండ్ రావట్లేదు. క్రయో అని, లిక్విడ్ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గరదాకా చల్లబరిచి తీస్తే ఇత్తడిలో బిగువు పోయి సౌండ్ విచ్చుకుంటుందని వీడియోల్లో చెప్తున్నారు. మన దగ్గర ఎవరన్నా చేయించారా? అంత ఖర్చు ఎందుకు, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో ఓ రాత్రి పెడదామంటున్నాడు మా డ్రమ్స్ తమ్ముడు.

నల్గొండ రిపేర్ షాపు:
తమ్ముడూ, ముందు ఆ ఫ్రీజర్ ముచ్చట వదిలెయ్. అది మహా అయితే మైనస్ 20 చుట్టుపక్కల. లోపలి తడి గడ్డకట్టి వాల్వులు పట్టేస్తాయి, ఐస్‌క్రీమ్ కొనేటోళ్లు కూడా ఊరుకోరు.

ఇక క్రయో చలి అంటావా, అది పనిచేసేది ఉక్కుకు. గట్టిపరిచిన ఉక్కులో మారకుండా మిగిలిన ఆస్టెనైట్ అనే మెత్తటి రూపం ఆ చలికి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపం అవుతుంది, పనిముట్టు త్వరగా అరగదు. ట్రంపెట్ ఇత్తడి అంటే సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. అందులో అట్లా మారేదేమీ లేదు. ఇత్తడి బిగువు తీసేది వేడి. పెంబర్తిలో రేకు కొట్టీ కొట్టీ మొండికేస్తే నిప్పుల మీద కాల్చి మెత్తబరుస్తారు, ఐసులో పెట్టరు.

2003లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీవాళ్లు 10 ట్రంపెట్లు తీసుకొని, సగం చల్లబరిచి, సగం అట్లాగే ఉంచి పరీక్షించారు. చల్లబరచడం వల్ల వచ్చిన తేడా కన్నా వాయించే మనిషికీ మనిషికీ తేడానే ఎక్కువ కనిపించింది. మరి చేయించుకున్నవాళ్లు బాగుందంటారు కదా అంటావా? ఆ పనికి ముందు విప్పి శుభ్రంగా కడగాల్సిందే. సగం మహిమ ఆ కడుగుడుదే అని నా అనుమానం.

నువ్వు ఒక పని చెయ్. వాల్వు నొక్కకుండా దాని స్లైడ్, అంటే లాగితే ఊడివచ్చే గొట్టం, గట్టిగా లాగు. 'టప్' మనాలి. అనలేదంటే గాలి పోతోంది. నీళ్లు వదిలే మీట కింద కార్కు కూడా చూడు, అది ఎండిపోతే చాలు పై స్వరాలు సతాయిస్తాయి.

పాలమూరు క్లారినెట్:
చలి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. డిసెంబర్‌లో తెల్లవారుజాము ముహూర్తానికి శ్రుతి దిగుతుంది, అది మాత్రం నిజం. చల్లటి గాలిలో ధ్వని వేగం తగ్గుతుంది, డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్లు. 10 డిగ్రీలు తగ్గితే లెక్కప్రకారం అర్ధస్వరంలో, అంటే కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య తేడాలో, దాదాపు మూడో వంతు దిగాలి. లోపల మన ఊపిరి వెచ్చగా ఉంటుంది కాబట్టి అంత రాదు. కానీ బండి మీద కీబోర్డు ఇంచు కూడా కదలదు కదా, తిట్లు మనకే. ఎక్కే ముందు కాసేపు మెల్లగా ఊది వెచ్చబెట్టుకోండి.

మిర్యాలగూడ బ్యాండ్:
రిపేరన్నా, మొదటి రెండూ టప్ మన్నాయి. మూడోది ఉత్తగ జారివచ్చింది.

నల్గొండ రిపేర్ షాపు:
దొరికింది. కడిగి, కాస్త చిక్కటి వాల్వు ఆయిల్ వేసి మళ్లీ లాగి చూడు. అప్పుడు టప్ మంటే ఈ సీజన్ నడిచిపోతుంది. అనకపోతే వాల్వు లోపల కదిలే పిస్టన్ అరిగింది, మళ్లీ ప్లేటింగ్ వేయించి సరిచేయించాలి. అది నా దగ్గర అయ్యే పని కాదు, హైదరాబాద్‌లో అడుగుదాం. ఆ క్రయో పైసలు దానికి దాచిపెట్టు.